కాగితం మీద బార్బరు

బహ్రెయిన్‌లో నేను ఎనిమిదేళ్ళు బార్బరుగా పనిచేశాను. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్క తల మీద కూడా చెయ్యి వెయ్యలేదు. నా చేతులు పడిందల్లా కంప్రెసర్ల మీద, రాగి గొట్టాల మీద, రొయ్యలు దాచే చలిగదుల తలుపుల మీద. అయినా నా గుర్తింపు కార్డులో ఫోటో పక్కన అరబ్బీలో ఒక మాట, ఇంగ్లీషులో ఒక మాట ఉండేవి. రెండూ నేను బార్బరుననే చెప్పేవి.

ఇందులో మోసమేమీ లేదని మా కఫీల్ నమ్మకం. కఫీల్ అంటే మనల్ని ఆ దేశానికి రప్పించుకున్న యజమాని. మన పాస్‌పోర్టు, మన రాక, మన పోక అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. మా కఫీల్‌కు రెండు వ్యాపారాలు. హిద్‌లో రేవు దగ్గర చలిగదులూ ఏసీలూ బాగుచేసే వర్క్‌షాపు ఒకటి, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో కటింగ్ షాపు ఒకటి. ఏ వ్యాపారానికి ఎన్ని వీసాలో సర్కారు లెక్క కట్టి ఇస్తుంది. నన్ను పిలిపించిన ఏడాది వర్క్‌షాపు వీసాలన్నీ నిండిపోయి, కటింగ్ షాపులో ఒకటి మిగిలింది. ఆ మిగిలినదాని మీద నన్ను దింపాడు. మరుసటేడు ఆయనకు నిజంగానే ఒక బార్బరు కావలసి వచ్చింది. అప్పటికి కటింగ్ షాపు వీసాలు నిండిపోయాయి, వర్క్‌షాపులో ఒకడు మానేసి వెళ్ళిపోయాడు. అలా జగిత్యాల నుంచి ఒక అసలు సిసలు బార్బరు, ఏసీ మెకానిక్‌గా వచ్చి దిగాడు. మా ఇద్దరికీ క్యాంపులో ఒకే గది, పక్కపక్క మంచాలు.

అక్కడ ఇది వింతేమీ కాదు. మా వంటవాడి కార్డు మీద వెల్డరని ఉండేది. మా డ్రైవరు తోటమాలి. శుక్రవారం సెలవునాడు ఒకరి కార్డు ఒకరు చదువుకుని నవ్వుకునేవాళ్ళం. నేను మాత్రం పెద్దగా నవ్వేవాణ్ణి కాదు. కాకినాడ ఐసు ఫ్యాక్టరీలో పదిహేనో ఏట చేరి, ఒళ్ళు కాల్చుకుని, వేళ్ళు గడ్డకట్టించుకుని నేర్చుకున్న పని నాది. దాన్ని ఎవడో ఆఫీసులో కూర్చుని తీసి పక్కన పారేసినట్టుండేది. మా కఫీల్‌తో ఆ మాటంటే, మాఫీ ముష్కిల్, అనేవాడు. ఏం ఫరవాలేదని దాని అర్థం. ఆయనకు ప్రపంచంలో దేనితోనూ ఫరవా లేదు.

తొంభైల నడిమిన ఒక చలికాలం హిద్‌లో పెద్ద చలిగది ఒకటి బిగించడానికి ఆస్ట్రేలియా నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. రెండు నెలలు మేమిద్దరం పక్కపక్కన నిలబడి పనిచేశాం. నేను గొట్టాలకు వేసే అతుకు ఆయనకు నచ్చింది, ఆయన సిగరెట్లు నాకు నచ్చాయి. తిరిగి వెళ్ళేముందు ఒక మాట అన్నాడు. తమ దేశంలో ఇలాంటి పనివాళ్ళు దొరకడం లేదనీ, తన ఓనరు స్పాన్సర్ చేస్తే అక్కడ శాశ్వతంగా ఉండిపోవచ్చనీ, భార్యాపిల్లల్ని కూడా మొదటిరోజు నుంచే వెంటబెట్టుకు రావచ్చనీ.

నేను అడిగిన మొదటి ప్రశ్న, నా పాస్‌పోర్టు మీ ఓనరు ఎక్కడ దాస్తాడని. ఆయనకు అర్థం కాలేదు. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంటుందన్నాడు. మరి నేను పారిపోతే? పారిపోతే ఇంకెక్కడో పనిచేసుకుంటావు, అన్నాడు తాపీగా. పాపం, ఈయనకు సొంత దేశం రూల్సు తెలియవని అనుకున్నాను.

ఆ సాయంత్రం క్యాంపులో దీని మీద పెద్ద తగువే నడిచింది. పాస్‌పోర్టు పెట్టుకోని కఫీలూ, పొమ్మనలేని కఫీలూ ఉంటాడంటే ఒక్కడూ నమ్మలేదు. మా జగిత్యాల బార్బరు నాకన్నా పెద్దవాడు, నేను అన్నా అనేవాణ్ణి. గల్ఫంతా ఆయనకు దుబాయే. బహ్రెయిన్‌లో ఉండి దుబాయి అనకయ్యా అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినేవాడు కాదు. చివరికి ఆయనే తీర్పు చెప్పాడు.

“ఇన్నేండ్ల సంది దుబాయిల ఉన్న. పాస్‌పోర్ట్ గుంజుకోనోడు కఫీల్ ఎట్లయితడు తమ్మీ? ఆడ ఏదో మతలబున్నది.”

మతలబున్నా సరే, నాకు కావాలి. ఎందుకో చెప్పాలి.

రిఫాలో కుటుంబాలతో ఉండే మనవాళ్ళ ఫ్లాట్లకు ఏసీలు బాగుచేయడానికి వెళ్ళేవాణ్ణి. నా జీతానికి, నా కార్డుకు భార్యను తెచ్చుకునే వీలు లేదు. వాళ్ళకు ఉంది. నేను స్టూలెక్కి ఏసీ విప్పుతుంటే వంటింట్లో పోపు చిటపటలాడేది. ఎవరో ఒకావిడ పిల్లాణ్ణి తెలుగులో తిట్టేది, హోంవర్క్ చెయ్యలేదనో, పాలు ఒలకబోశాడనో. ఆ ఇళ్ళలో ఏసీ తొందరగా బాగుచేయబుద్ధి అయ్యేది కాదు. బిగించిన స్క్రూనే మళ్ళీ ఊడదీసేవాణ్ణి.

పెళ్ళయిన ఏడాదికి, మా ఆవిడ నాలుగో నెలలో ఉండగా నేను విమానం ఎక్కాను. రెండేళ్ళకోసారి రెండు నెలలు సెలవు. అమ్మాయి పుట్టింది, నడిచింది, బడికి వెళ్ళింది, అన్నీ ఫోటోల్లోనే చూశాను. నేను అలవాటయ్యేసరికి నా సెలవు అయిపోయేది. మళ్ళీ వచ్చేసరికి ఆ పిల్ల నన్ను మరిచిపోయేది. ఆ బాధ గురించి మగవాళ్ళం క్యాంపులో మాట్లాడుకోం. కూరలో ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకుంటాం.

ఇంజనీరు మాట తప్పలేదు. రెండు నెలలకు వాళ్ళ ఓనరు ఒప్పుకున్నాడని ఫ్యాక్స్ వచ్చింది. శుక్రవారం ఇంటికి ఫోన్ చేశాను. ఆస్ట్రేలియా అంటే ఎంత దూరమో, ఎంత చలో, ఏ భాషో మా ఆవిడ ఏమీ అడగలేదు. అక్కడ మనం ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటామా అని అడిగింది. ఉంటామన్నాను. అయితే ఎక్కడైనా ఒకటే అంది.

ఆ సంతోషంలో కాగితాలు మొదలుపెట్టాం. ఆ పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు చూపించాలని అక్కడి వీసా ఆఫీసు షరతు. నాకు లెక్కలేనంత ఉంది. మా కఫీల్ తన లెటర్‌హెడ్ మీద రెండు పేజీలు రాయించాడు. నేను చల్లబరచని చేప బహ్రెయిన్‌లో లేదనీ, నన్ను కన్నకొడుకులా చూసుకుంటున్నాననీ. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. జతచేసిన గుర్తింపు కార్డు ప్రకారం అభ్యర్థి బార్బరని తెలుస్తోంది, దయచేసి వివరించగలరు, అని.

మా కఫీల్ చదివించుకుని, మాఫీ ముష్కిల్ అన్నాడు. కార్డు మార్చేద్దాం.

కార్డులిచ్చే సర్కారు ఆఫీసులో గుమాస్తా మంచివాడు. మాకు టీ తెప్పించి, ఫైలు చూసి, ఇది చాలా తేలికన్నాడు. నన్ను మెకానిక్ చేయాలంటే వర్క్‌షాపులో ఒక ఖాళీ కావాలి, అక్కడున్న మెకానిక్‌ను బార్బరు చేస్తే ఖాళీ వస్తుంది, నేను లేవడంతో కటింగ్ షాపులో కుర్చీ ఖాళీ అవుతుంది. ఇద్దరినీ అటూ ఇటూ మార్చేస్తే సరి. మేం లేచి దణ్ణం పెట్టబోతుంటే ఇంకో మాట చెప్పాడు. కటింగ్ షాపు జనం ఆరోగ్యానికి సంబంధించింది కాబట్టి, బార్బరు మారేటప్పుడు ఇన్‌స్పెక్టరు వస్తాడు. పాత బార్బరు పని, కొత్తగా వచ్చేవాడు అంతకుముందు చేసిన పని, రెండూ కళ్ళారా చూసి సంతకం పెడతాడు. ఒకవేళ పాత బార్బరుకు కత్తెర పట్టడం రాదని తేలితే, ఇన్నేళ్ళూ కార్డు మీద లేని పని చేయించినట్టు లెక్క. అప్పుడు షాపు లైసెన్సు రద్దు, మనిషిని తిరుగు విమానం ఎక్కించి మళ్ళీ రాకుండా ముద్ర. అలాంటిదేమీ లేదు కదా, అని అడిగి, మా సమాధానం కోసం ఆగకుండా టీ తాగాడు. ఆయనకు అంతా తెలుసని నాకు తెలిసిపోయింది.

అంటే నేను బార్బరును కాదని చెప్పుకోవాలంటే, ముందు మంచి బార్బరునని రుజువు చేసుకోవాలి. మా జగిత్యాల అన్న తాను మెకానిక్కును కాదని చెప్పుకోవాలంటే, ముందు ఏసీ విప్పి బిగించి చూపించాలి. క్షవరమైతే గానీ వివరం తెలియదని మా వైపు సామెత. నా విషయంలో క్షవరం చేస్తే గానీ ఏ వివరమూ తేలేటట్టు లేదు.

ఇన్‌స్పెక్టరు రావడానికి ఆరు వారాలు గడువిచ్చారు. ఆ ఆరు వారాల్లో, ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనిని నేను నేర్చుకోవాలి.

డ్యూటీ అయ్యాక సాయంత్రాలు అన్న నాకు పాఠం చెప్పేవాడు. మొదటివారం కత్తెర చేతికివ్వలేదు, దువ్వెన మాత్రమే ఇచ్చాడు. తలను పట్టుకునే పద్ధతి నేర్పాడు. నువ్వు తలకాయను పైపు లెక్క పట్టుకుంటున్నవు, అది మెడ మీద ఉన్నదని యాది పెట్టుకో, అనేవాడు. రెండోవారం క్యాంపు గేటు దగ్గర ఉచిత కటింగ్ అని నోటిమాటగా చాటించాం. ఉచితమంటే మనవాళ్ళు ఊరుకుంటారా, షిప్‌యార్డులో పనిచేసే శ్రీకాకుళం వాళ్ళు వరసకట్టారు. వాళ్ళ జుట్టును తోకలూ మెట్లూ చేసేవాణ్ణి. వెనక ఎత్తు తగ్గించబోతే పక్కన ఎత్తయ్యేది, పక్కన తగ్గించబోతే ముందు మిగిలేది. చివరికి ఎటూ తేలక మిషను పెట్టి మొత్తం గీసేయడమే. చూస్తుండగానే క్యాంపులో బోడిగుండ్లు పెరిగిపోయాయి. మలయాళీ ఫోర్‌మన్‌కు మన ఆచారం తెలుసు. మొహం దిగాలుగా పెట్టుకుని వచ్చి, ఇంతమంది తండ్రులు ఒకేసారి ఎలా పోయారు, పడవ ఏదైనా మునిగిందా అని అడిగాడు. పెళ్ళిచూపులకని సెలవు మీద వెళ్ళబోతున్న ఒకతను నా కుర్చీలో కూర్చుని లేచి, దారిలో తిరుపతిలో మొక్కు తీర్చుకున్నానని ఇంట్లో చెప్పుకుంటానన్నాడు. మూడోవారానికి నేను వరండాలోకి రాగానే జనం టోపీలు పెట్టుకోవడం మొదలైంది.

అన్న చదువూ అలాగే ఉంది. శుక్రవారాలు ఆయనకు పాత ఏసీ ఒకటి ముందుపెట్టి నేర్పేవాణ్ణి. ఆయనది మెత్తని చెయ్యి. కంప్రెసర్‌ను గుడ్డతో తుడిచి, తట్టి, బుజ్జగించేవాడు. కెపాసిటర్ దగ్గరే చిక్కు. ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలవ ఉంటుంది, ముందు స్క్రూడ్రైవరుతో దాని రెండు కాళ్ళూ కలిపి ఆ కరెంటు వదలగొట్టాలి అని నూరుసార్లు చెప్పాను. మొదటిసారే మరిచిపోయి ముట్టుకుని అంత ఎత్తున ఎగిరిపడ్డాడు. ఆ తరవాత దాన్ని వీధికుక్కను చూసినట్టు దూరం నుంచి చూసి, ఇది కరుస్తది తమ్మీ అనేవాడు.

నాకు చిరాకు పుట్టుకొచ్చేది. రోజంతా చలిగదుల్లో నడుం విరగ్గొట్టుకుని, సాయంత్రం ఎవడిదో పిలక దిద్దడమేమిటి? ఒకరోజు కత్తెర విసిరికొట్టాను కూడా. అన్న దాన్ని తీసి, తుడిచి, మళ్ళీ నా చేతిలో పెట్టాడు. నీ బిడ్డను చూడాల్నంటే పట్టు, అన్నాడు. పట్టాను.

ఇన్‌స్పెక్టరు ఆగస్టు నెలలో, మిట్టమధ్యాహ్నం వచ్చాడు. భారీ మనిషి. కటింగ్ షాపులో నేను తెల్లకోటు వేసుకుని కుర్చీ వెనక నిలబడ్డాను. అన్న వర్క్‌షాపు డ్రెస్సులో, నా పనిముట్ల పెట్టె పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. మా కఫీల్ తలుపు దగ్గర తస్బీ, అంటే వాళ్ళ జపమాల, తిప్పుకుంటున్నాడు. ఒక శ్రీకాకుళం తలను సిద్ధం చేసి ఉంచాం, అది పెద్దగా చెడగొట్టడానికి వీల్లేని తల. ఇన్‌స్పెక్టరు ఆ మనిషిని లేపేశాడు. తలగుడ్డ, నల్లతాడు తీసి ఒళ్ళో పెట్టుకుని తానే కుర్చీలో కూర్చుని, యల్లా, ఇక కానివ్వు, అన్నాడు.

నేను దువ్వెన తీశాను. సరిగ్గా అప్పుడే షాపులో ఏసీ చల్లదనం ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, కంప్రెసర్ మూలుగుతోంది. ఆ మూలుగు వినగానే నాకు తెలిసిపోయింది, కెపాసిటర్ పోయింది. చేతులు అటు లాగాయి. కానీ నేను బార్బరును. ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుంటూ అద్దంలో అన్న వంక చూశాడు. ఏసీ మెకానిక్కు నువ్వే కదా, చూడు, అన్నాడు.

అన్న స్టూలెక్కాడు. నేను కత్తెర మొదలుపెట్టాను. ఇక మా ఇద్దరికీ మిగిలింది తెలుగొక్కటే.

“అన్నా, ముందు ప్లగ్గు తియ్యి. డబ్బాని ముట్టుకోకు, కాళ్ళు రెండూ కలిపాకే ముట్టుకో.”

“గట్లనే. నువ్వు దువ్వెన జర పైకి పట్టు తమ్మీ. చెవి మడువు, చెవి.”

ఏం మాట్లాడుకుంటున్నారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఊళ్ళో వానల గురించి అన్నాడు మా కఫీల్, తడుముకోకుండా. పడ్డాయా అని ఇన్‌స్పెక్టరు అడిగితే ఇద్దరం పడ్డాయన్నాం. నేను అద్దంలో అన్న చేతులు చూస్తున్నాను, అన్న స్టూలు మీంచి నా చేతులు చూస్తున్నాడు. ఎవరి చేతిలో ఉన్న పని వాళ్ళు చూసుకోవడం లేదు. అన్న స్క్రూడ్రైవరుతో కాళ్ళు కలిపాడు. ఠప్పుమని మెరుపు మెరిసింది. మెడ దగ్గర మిషను పట్టిన నా చెయ్యి జారింది. ఇన్‌స్పెక్టరు తల వెనక, మెడ నుంచి నడినెత్తి దాకా, చక్కని రోడ్డు పడింది.

అన్న మాత్రం వణక్కుండా కొత్త కెపాసిటర్ పెట్టి, వైర్లు తగిలించి, ప్లగ్గు పెట్టాడు. కంప్రెసర్ అందుకుంది. చల్లగాలి వచ్చింది. నా జీవితంలో ఎన్నో ఏసీలు బాగుచేశాను గానీ, ఇంకొకడు బాగుచేస్తే అంత సంతోషించింది అదొక్కసారే. ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకుని ఆ గాలి కింద కాసేపు కూర్చున్నాడు. తరవాత చిన్న అద్దం అడిగి తీసుకుని తల వెనక చూసుకున్నాడు. ఎటు నుంచి చూసినా రోడ్డు రోడ్డే. తలగుడ్డ కప్పుకుని, పైన నల్లతాడు సర్దుకున్నాడు. మగవాళ్ళు తల కప్పుకునే దేశం కాబట్టి బతికిపోయాను.

సంతకం పెట్టి, మా కఫీల్‌తో అరబ్బీలో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన కారు కదిలాక మా కఫీల్ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి, ఆ మాట మాకు చెప్పాడు. ఈ ఇద్దరి కార్డులూ మొదటిరోజే మార్చవలసింది, అన్నాడట.

పది రోజుల్లో కొత్త కార్డు వచ్చింది. నా ఫోటో పక్కన నా పని పేరు. ఆ రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నానంటే నవ్వుతారు గానీ, పెట్టుకున్నాను. అన్న తన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, దుబాయిల ఇయ్యాల్టికి నన్ను గుర్తుపట్టిన్రు, అన్నాడు. మా కఫీల్ ఆలస్యం చేయకుండా కొత్త కార్డూ, నా కాగితాలకు బలం చేకూర్చాలని వర్క్‌షాపు పాత రికార్డు మొత్తం ఆస్ట్రేలియాకు పంపించాడు. అడిగిందొకటైతే పది పంపడం ఆయనకు మర్యాద.

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. వాళ్ళ జవాబులో రెండే పేరాలున్నాయి. పంపిన రికార్డు ప్రకారం అభ్యర్థి మెకానిక్‌గా పనిచేస్తున్నది ఈ నెల నుంచే. గత ఏడేళ్ళుగా ఆ ఉద్యోగంలో ఉన్నది వేరొక వ్యక్తి. కాబట్టి ఇప్పటి నుంచి మూడేళ్ళు పూర్తయ్యాక మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది మొదటి పేరా. అప్పుడు భార్యను, కూతురును కూడా చేర్చదలిస్తే, దంపతులు కలిసి కాపురం చేస్తున్నట్టు ఆధారాలు, అంటే ఒకే చిరునామా, కలిసి దిగిన ఫోటోలు వగైరా జతచేయాలి. ఇది రెండోది.

ఉత్తరం అన్నకు చదివి వినిపించాను. ఆ వేరొక వ్యక్తి తనే. అయితే ఆళ్ళకు కావాల్సింది నేనా తమ్మీ, అన్నాడు భయంగా. ఇంజనీరు పాపం ఫోన్ చేసి చాలా నొచ్చుకున్నాడు. తన ఓనరు మూడేళ్ళూ ఆగుతాడని చెప్పాడు. మా కఫీల్ అయితే సంతోషించాడు. అదే బల్ల, అదే పని, మూడేళ్ళు, మాఫీ ముష్కిల్.

నాకూ మొదట అలాగే అనిపించింది. ఎనిమిదేళ్ళు ఉన్నవాణ్ణి, ఇంకో మూడేళ్ళు ఒక లెక్కా? శుక్రవారం ఇంటికి ఫోన్ చేశాను. పక్కింటి వాళ్ళ ఫోను అది. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎత్తడం నాకు తెలుస్తూనే ఉంటుంది. జరిగింది చెప్పాను. నవ్వుతూ చెప్పాలనుకుని, ఇన్‌స్పెక్టరు తల మీద రోడ్డు సంగతి కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. మూడేళ్ళు ఎలాగూ ఆగాలి గదా, ఈలోగా మనం కలిసి ఉన్న ఫోటోలు వెతికి పెట్టు అన్నాను.

“ఏం ఫోటోలండీ? పెళ్ళివి ఉన్నాయి. తర్వాత మీరొచ్చినప్పుడల్లా దిగినవి మూడున్నాయి. మూడిట్లోనూ పిల్ల మీ ఒళ్ళో ఏడుత్తానే ఉంది.”

పోనీ అవే పంపు అన్నాను.

“మీరు చేసిన పనికేమో కాయితం లేదంటన్నారు ఆళ్ళు. నాకేమో కాయితం ఉందండీ. తొమ్మిదేళ్ళ నుంచీ మీ పెళ్ళాన్నని రాసుంది. చేసిన కాపురమే లేదు. ఆళ్ళు అడిగితే నాకూ ఎక్స్‌పీరియెన్సు లేదని చెప్పండి.”

ఆమె కోపంగా అనలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. వెనక లైన్లో ఉన్నవాడు, ఖలాస్ భాయ్, ఖలాస్, అంటూ భుజం తట్టేదాకా నేను రిసీవరు పెట్టలేదు. అప్పటికి ఆమె పెట్టేసిందో లేదో గుర్తు లేదు. ఇన్నాళ్ళూ నన్ను బార్బరు అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకున్నాను. ఆమెను ఎవరేమని రాశారో, అందులో ఎంత నిజమో, ఒక్కరోజు ఆలోచించలేదు. బూతు మాట తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

మర్నాడు మా కఫీల్ దగ్గరికి వెళ్ళి పాస్‌పోర్టు అడిగాను. ఎన్నాళ్ళకని అడిగాడు. ఇక రానన్నాను. ఆయన మొదటిసారి మాఫీ ముష్కిల్ అనలేదు. బీరువా తెరిచి, పాస్‌పోర్టు తీసి, కాసేపు తన దగ్గరే పట్టుకుని, తరవాత ఇచ్చాడు. మూడేళ్ళు ఆగితే నీకు దేశమే దొరికేది కదా అన్నాడు. బయలుదేరే రోజు అన్న నన్ను కూర్చోబెట్టి నాకు కటింగ్ చేశాడు. చాలా శ్రద్ధగా, చాలా నెమ్మదిగా చేశాడు. అయ్యాక గుడ్డ దులుపుతూ, ఇంటికి పోయినంక ఎవ్వని తలా ముట్టకు తమ్మీ, అన్నాడు. ఇద్దరం నవ్వాం, తరవాత ఇద్దరం ఏడ్చాం.

కాకినాడలో ఫ్రిజ్‌లు బాగుచేసే చిన్న షాపు పెట్టాను. ఇప్పుడు ఇదంతా తేలిగ్గా చెబుతున్నాను గానీ, మొదటి నెలల్లో ఇంట్లో నేనొక చుట్టాన్ని. పొద్దున టిఫిను పెడుతూ మా ఆవిడ, ఇంకా కావాలా అని అడిగి వడ్డించేది. నేను కూడా సిగ్గుపడి చాలనేవాణ్ణి. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో నాకు తెలియదు. నేను గురకపెడతానని ఆవిడకు తెలియదు. రాత్రులు నిద్రపట్టక ఆవిడ కూర్చుని ఉండేది పాపం. రెండేసి నెలల సెలవుల్లో ఇవేవీ బయటపడలేదు. అమ్మాయి సంగతి ఇంకా కష్టం. వాళ్ళ మాస్టారితో మాట్లాడినట్టు నాతో మాట్లాడేది. మీరు అనేది, అండీ అనేది, నేను గదిలోకి వస్తే లేచి నిలబడేది. మంచి పెంపకమని ఇరుగుపొరుగు మెచ్చుకునేవారు. నాకు గుండెల్లో ముల్లు గుచ్చినట్టుండేది.

వర్షాకాలంలో ఒక ఆదివారం అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది. నేను పక్కన చేరి, భాగహారం అలా కాదు, ఇలా చెయ్యాలని పెన్సిల్ లాక్కున్నాను. నేను చేసింది తప్పని తేలింది. పిల్ల నా చేతిలోంచి పెన్సిల్ విసురుగా లాక్కుని, మొహం ముడుచుకుని అంది.

“నీకేం తెలీదు నాన్నా. అవతలికి పో.”

వంటింట్లోంచి మా ఆవిడ కేకలేసింది, నాన్నతో అలాగేనా మాట్లాడేది అని. గరిటె పట్టుకుని గుమ్మంలోకి కూడా వచ్చింది. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి ఆగిపోయింది.

అననీ, అన్నాను.